తెగింది గేటా, డ్యామా?

(కర్నూలులో ఒక గ్రంథాలయం ఆదివారం సమావేశంలో, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా? ఫ్యాను శబ్దం ఎక్కువుంది, వినబడకపోతే చెయ్యెత్తండి. మొహమాటపడొద్దు.

సెక్రటరీ గారు నాకిచ్చిన సబ్జెక్టు పెద్దది. భారీ ప్రాజెక్టులు, పుకార్లు, ప్రజల నమ్మకం. నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. ముప్పై మూడేళ్ళు కట్టల మీద, కాలవ గట్ల మీద తిరిగినవాణ్ణి. అందుకని నాకు తెలిసిన కట్టల సంగతులే చెప్తాను. మధ్యలో ఎవరికైనా టీ కావాలంటే లేచి తాగండి, నేనేం అనుకోను.

ముందు మా అవ్వ సంగతి. నేను చిన్నప్పుడు మా ఊరి దగ్గర కాలవ మీద వంతెన కడుతున్నారు. పొద్దు గూకితే చాలు, మా అవ్వ మమ్మల్ని వాకిలి దాటనిచ్చేది కాదు. "వంతెన నిలబడల్లంటే పిల్లోని తలకాయ అడుగుతాదంట, మేస్త్రీలు గోనెసంచి ఏసుకోని తిరుగుతాండారంట" అనేది. ఎవరు చెప్పారే అవ్వా అంటే, "ఊరంతా అనుకుంటాంటే ఒగరు చెప్పేదేంది?" అనేది. మీలో పెద్దవాళ్ళు ఇట్లాంటిది వినే ఉంటారు. విన్నారా? చూశారా, ఎన్ని చేతులు లేచాయో!

అదంతా పాతకాలం, చదువు లేని కాలం అంటారు. 2019 జులైలో ఏం జరిగిందో చెప్తాను. బంగ్లాదేశ్‌లో పద్మ నది మీద వంతెన కడుతున్నారు. ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఆ దేశానికి అంతకు ముందెన్నడూ లేనంత పెద్ద పని. ఆ వంతెనకు మనుషుల తలకాయలు కావాలట, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట అని ఫేస్‌బుక్‌లో పాకింది. వంతెన అధికారులు అబద్ధమని ప్రకటన ఇచ్చారు. ఇచ్చినా ఆగలేదు. ఎనిమిది మందిని జనం కొట్టి చంపేశారు. వాళ్ళలో ఒక్కరు కూడా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కాదని పోలీసులే చెప్పారు. ఢాకాలో ఒకామె బిడ్డను బడిలో చేర్పించడానికి వివరాలు కనుక్కుందామని వచ్చింది. బడి దగ్గరే చంపేశారు ఆమెను. మా అవ్వ మాటే. చేతిలో స్మార్ట్‌ఫోను ఉంది, అంతే తేడా.

ఆ వంతెనకే ఇంకో కథ కూడా ఉంది. అది చదువుకున్నవాళ్ళ కథ. 2012లో ప్రపంచ బ్యాంకు ఆ వంతెనకు ఇస్తానన్న 120 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది, లంచాల కుట్ర జరిగిందన్న అనుమానంతో. కెనడాలో కేసు నడిచింది. 2017లో అక్కడి జడ్జి, ఫోన్లు ట్యాప్ చెయ్యడానికి ఆధారంగా చూపిన సమాచారం వట్టి ఊహలు, పుకార్లు తప్ప ఏమీ కాదని తేల్చాడు. నిందితులు బయటపడ్డారు. బంగ్లాదేశ్ సొంత డబ్బుతో వంతెన కట్టుకొని 2022 జూన్ 25న ప్రారంభించుకుంది. అంటే పుకారు పల్లెల్లోనూ పుట్టింది, టై కట్టుకున్నవాళ్ళ ఫైళ్ళలోనూ పుట్టింది. మనం పల్లెటూరివాళ్ళను చూసి నవ్వుతాం.

ఇప్పుడు నన్ను నేనే ఒక ప్రశ్న అడుగుతాను. వంతెన నరబలి అడుగుతుందన్న మాట పూర్తిగా అబద్ధమేనా? దేవత అడగడం అబద్ధం. మరి చావులు? ఏ పెద్ద కట్టడం కింద కూలీల ప్రాణాలు పోలేదు, చెప్పండి? మొన్న 2025 ఫిబ్రవరి 22న, మన శ్రీశైలం పక్కనే, ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలవ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్ళు. పాతరోజుల్లో అయితే అట్లా పోయినవాళ్ళ పేర్లు పేపర్లో కూడా వచ్చేవి కావు. పని దగ్గర మనుషులు మాయమౌతున్నారు, ఎందుకో ఎవరూ చెప్పరు. మా అవ్వ ఆ ఖాళీని తనకు తెలిసిన కథతో నింపుకుంది.

నా ముప్పై మూడేళ్ళ సర్వీసులో నాకు అర్థమైంది ఇంతే. పుకారనేది మనం జవాబు చెప్పని ప్రశ్న. జవాబు దొరక్క వేషం మార్చుకొని వస్తుంది. మనమేమో వేషాన్ని పట్టుకొని తంతాం. లోపల ప్రశ్న అట్లానే ఉంటుంది.

సరే, మన ఊరి సంగతికి వద్దాం. 2024 ఆగస్టు 10, శనివారం రాత్రి. గుర్తుందా? హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగి, గేటు కొట్టుకుపోయింది. తెల్లారేసరికి నా ఫోను ఆగకుండా మోగుతోంది. అన్ని ఫోన్లలోనూ ఒకటే మాట: "సార్, తుంగభద్ర డ్యాం తెగిపోయిందంట, నిజమేనా?" కోసిగిలో ఉండే మా మేనకోడలు అయితే ఏడుస్తోంది. ప్రభుత్వం కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలవాళ్ళను అప్రమత్తంగా ఉండమంది. ఉండమనాలి కూడా, తప్పు లేదు. కానీ అప్రమత్తం అన్న మాట కోసిగిలో మా మేనకోడలి చెవిన పడేసరికి "పారిపోండి" అయింది.

నేను ఆ పిల్లకు ఫోనులో ఏం చెప్పానో మీకూ చెప్తాను. అది డిప్యూటీ తాసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు, లెక్క చెప్తే పట్టుకుంటుంది. "అమ్మా, తెగింది గేటా, డ్యామా?" అన్నాను. "గేటే అంట మామా." "గేటు ఎత్తు ఎంత?" "నాకేం తెలుసు?" "ఇరవై అడుగులు. డ్యాం నిండు మట్టం 1633 అడుగులు. అంటే గేటు అడుగుభాగం 1613 దగ్గర. దాని కింద ఉన్నదంతా రాతి గోడే. గేటు పోతే ఆ గోడకు పైనున్న నీళ్ళు పోతాయి, అడుగు నీళ్ళు అట్లానే ఉంటాయి. అవునా? ఇప్పుడు ఆ ఒక్క గేటులోంచి వచ్చేది 35 వేల క్యూసెక్కులంటున్నారు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రాసుకో. అంటే 35 వేలంటే రోజుకు ఎంత?" ఒక్క నిమిషం ఆగి, "మూడు మామా" అంది. "డ్యాములో ఉండేది?" "నూటైదంట." "రోజుకు మూడు పోతే నూటైదు ఒక్క రాత్రిలో వచ్చి మీ ఊరి మీద పడుతుందా?" అప్పుడు నవ్వింది. నవ్వి అడిగింది చూడండి, అదీ అసలు ప్రశ్న: "మరి మామా, ఎల్ఎల్‌సీకి నీళ్ళు వస్తాయా రావా? మా నాయన వరి నాటినాడు." ఎల్ఎల్‌సీ అంటే తుంగభద్ర దిగువ కాలవ.

ఇక్కడ ఒక మాట కలపాలి, లేకపోతే నేనూ అబద్ధం చెప్పినట్టే. ఆ ఒక్క గేటు మీద ఒత్తిడి తగ్గించాలని మిగతా గేట్లూ ఎత్తారు. కాబట్టి నదిలోకి 35 వేలు కాదు, లక్ష దాకా వదిలారు. అయినా తుంగభద్రలో లక్ష క్యూసెక్కులు పారడం మనం ఎన్నిసార్లు చూడలేదు? ఊళ్ళు మునిగే నీళ్ళు కావవి. పోయేది మన పంట నీళ్ళు. భయపడాల్సింది వరదకు కాదు, కరువుకు. జనం ఆ రోజు ఇళ్ళు సర్దుకుంటుంటే, అసలు గొడవ పొలాల్లో ఉంది. ఆ ప్రశ్నకు మాత్రం రెండు మూడు రోజులు ఎవ్వరూ సూటిగా జవాబు చెప్పలేదు.

తర్వాత డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారొచ్చారు, మీరంతా టీవీలో చూశారు. పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్‌లు దించారు. ఒక్కో పలక నాలుగడుగుల ఎత్తు, ఒకదాని మీద ఒకటి, మొత్తం అయిదు. వారం తిరిగేసరికి గండి మూశారు. ముందు డ్యాం చాలా భాగం ఖాళీ చేస్తే తప్ప పని మొదలు కాదేమో అనుకున్నారు. నేను చెప్పేది ఆయన పనితనం గురించి కాదు, అది అందరికీ తెలుసు. ఆ వారం రోజులూ టీవీ కెమెరాలు అక్కడే ఉన్నాయి. ఇనుప పలక క్రేనుకు వేలాడుతూ దిగడం జనం కళ్ళతో చూశారు. మొదటి పలక కూర్చుందన్న రోజు నుంచి నాకు ఫోన్లు ఆగిపోయాయి. ప్రెస్ నోటు చూసి ఆగలేదండీ. పలక చూసి ఆగాయి.

ఇంకోటి చెప్పి మన కర్నూలు గాయం కొంచెం రేపుతాను. 2009 అక్టోబరు 2, మన ఊరిని వరద ముంచిన రోజు. ఆ రాత్రి ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది మేడల మీద ఉండుంటారు. నేను ఒక బంధువు ఇంటి మేడ మీదున్నాను. పక్క మేడ మీద నుంచి ఒకాయన అరుస్తున్నాడు: "శ్రీశైలం డ్యాం తెగింది! నీళ్ళు మన మీదికి వస్తాండాయి!" ఆడవాళ్ళు ఏడుపులు మొదలుపెట్టారు. నేను ఈ మేడ మీద నుంచి అరిచాను: "అయ్యా, శ్రీశైలం మనకు పైనుందా, కిందుందా?" చీకట్లో కాసేపు మాట లేదు. శ్రీశైలం మనకు దిగువన ఉంది. అది తెగితే మన ఊళ్ళో నీళ్ళు ఖాళీ అవుతాయి, పెరగవు! ఆ రాత్రి ఎవరికీ అది తట్టలేదు. నీళ్ళు నడుము దాకా వచ్చినప్పుడు భూగోళం ఎవరికి గుర్తుంటుంది?

కానీ ఆయన పిచ్చివాడు కాదు. ఆయన మాట వెనక ప్రశ్న సరైనదే. శ్రీశైలానికి ఆ రోజు పాతిక లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది, దాన్ని కట్టేటప్పుడు అనుకున్న దానికి చాలా ఎక్కువ. నిండు మట్టం 885 అడుగులైతే 896 దాటింది. ఆ నీళ్ళు వెనక్కి ఎంత దూరం ఎగదన్నాయి, డ్యామును ముందే ఎందుకు కొంత ఖాళీ చేసి పెట్టలేదు, కరెంటు కోసం నిండుగా ఉంచారా? ఇవి అడగాల్సిన ప్రశ్నలు. కమిటీలు, నివేదికలు, అన్నీ వచ్చాయి. బుధవారపేటలో గోడకు నీటి మరక ఇంకా ఉన్న ఇంటాయనకు ఎవరైనా పోయి, "అయ్యా, ఆ రోజు ఏ గంటకు ఎంత వచ్చింది, ఎంత వదిలాం, ఎందుకు ఆలస్యమైంది" అని కూర్చుని చెప్పారా? నాకు తెలిసినంతలో లేదు. చెప్పకపోతే ఆయనకు మిగిలేది "డ్యాం తెగింది" అన్న మాటే కదా.

చెమర్చిన కట్ట

ఇప్పుడు నా సొంత తప్పు చెప్తాను. నేను ఏఈగా, అంటే అసిస్టెంటు ఇంజనీరుగా, కొత్తగా చేరిన రోజులు. ఒక మధ్య తరహా ప్రాజెక్టు, మట్టి కట్ట. పేరొద్దు, ఆ ఊరివాళ్ళు ఇక్కడ ఉండొచ్చు. మొదటిసారి పూర్తిగా నిండింది ఆ ఏడు. నిండిన వారానికి కట్ట కింద, బయటివైపు, నేల చెమ్మగా అయింది. ఒకచోట సన్నగా ఊట. అంతే. "కట్ట కారుతాంది, ఈ అమాసకు తెగుతాది" అని దిగువ ఊళ్ళో మాట పుట్టింది. అమాసకు ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. గొడ్లను గుట్ట మీదికి తోలుకుపోయారు. కొందరు ధాన్యం బస్తాలు చుట్టాల ఊళ్ళకు తరలించారు. ఒకాయన మాత్రం ఆ వారంలోనే రెండెకరాలు చవగ్గా కొన్నాడు. గమనించండి, పుకారు అందరినీ ఒకేలా భయపెట్టదు.

మా పై అధికారి డీఈ గారు "దండోరా వేయించు" అన్నారు. వేయించాను. మాటలు నేనే రాసిచ్చాను, ఎంతో బాగా రాశాననుకున్నాను: "ప్రాజెక్టు కట్టకు ఎటువంటి ప్రమాదమూ లేదు, ప్రజలు వదంతులు నమ్మవద్దు, భయపడవద్దు." అది రెండు ఊళ్ళలో వేయించాను. మొదటి ఊళ్ళో వాళ్ళకు ముందే తెలుసు. రెండో ఊరికి ఆ పుకారు ఇంకా చేరనే లేదు! తప్పెట కొట్టేవాడు పోయి "కట్టకు ప్రమాదం లేదు" అనగానే ఆ ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట. "ప్రమాదం ఉందని ఎవురన్నారు?" రాత్రికల్లా వాళ్ళూ గొడ్లు తోలారు. పుకారును ఆ ఊరికి మోసుకెళ్ళింది నేనే, ప్రభుత్వ ఖర్చుతో.

నవ్వండి, నవ్వండి. ఇప్పటికీ మనం రాసే ప్రకటనలు అవే కదా. "వదంతులు నమ్మవద్దు." ఏది వదంతో చెప్పవు, ఏది నిజమో చెప్పవు. నమ్మొద్దు అని మాత్రం అంటావు. మరి ఏది నమ్మాలి నాయనా?

మూడో రోజు ఒక పెద్దాయన వచ్చాడు కట్ట మీదికి. పాత చెరువుకు నీరుగట్టి. మీలో కుర్రవాళ్ళకు తెలియదేమో, చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసే మనిషి. చేతికర్ర, నెత్తిన తువ్వాల. నాతో ప్రమాదముందా లేదా అని అడగలేదు. "సారూ, వచ్చే నీళ్ళు తేటగా వస్తాండాయా, బురదగా వస్తాండాయా?" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. నాలుగేళ్ళు ఇంజనీరింగులో నాకు నేర్పింది ఆ ఒక్క వాక్యమే! మట్టి కట్ట అన్నాక చెమరుస్తుంది. చెమర్చని మట్టి కట్ట లోకంలో లేదు. దానికోసమే కింద ఇసుక ఫిల్టరు, కట్ట పాదం దగ్గర రాళ్ళ పేర్పు కడతాం, నీళ్ళు మాత్రమే బయటికి రావాలి, మట్టి రాకూడదని. తేట నీళ్ళు వస్తే కట్ట ఊపిరి తీసుకుంటున్నట్టు. బురద వస్తే లోపల నుంచి మట్టి కొట్టుకొస్తున్నట్టు, అప్పుడు పరుగెత్తాలి.

ఆయన్ను కిందికి తీసుకుపోయాను. అక్కడ ఊటంతా ఒక చిన్న కాలవలోకి చేర్చి, చివర ఇనుప రేకుకు వి ఆకారంలో గంటు పెట్టి ఉంటుంది. వి నాచ్ అంటాం. ఆ గంటులో నీళ్ళు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున పారుతున్నాయో చూస్తే ఎంత కారుతోందో తెలుస్తుంది. ఆ రోజు అయిదు సెంటీమీటర్లు. సెకనుకు ముప్పావు లీటరు. నేనేమో "పాయింట్ సెవెన్ సెవెన్ లీటర్స్ పర్ సెకండ్" అన్నాను. ఆయన నా మొహం చూసి, పక్కనున్న లస్కరును, అంటే కట్టా కాలవా కనిపెట్టుకునే మా శాఖ మనిషిని, పిలిచి బిందె తెప్పించాడు. గంటు కింద పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఇరవై లెక్కకు బిందె నిండింది. ఒక గుక్క పుక్కిలించి ఊశాడు. "తేటనే" అన్నాడు.

ఆ సాయంత్రం ఊళ్ళో రచ్చబండ దగ్గర చెప్పాడంట: "ఇరవై లెక్కకు బిందె. తేట నీళ్ళు. పది లెక్కకు తగ్గినా, బురదొచ్చినా నేను చెప్తా." గొడ్లు మర్నాడు దిగివచ్చాయి. నా దండోరా చెయ్యలేని పని ఆయన బిందె చేసింది. ఎందుకు? అందులో ఆయన "ఏమీ కాదు" అనలేదు. ఏమైతే భయపడాలో కూడా చెప్పాడు. ఇది పట్టుకోండి. ప్రమాదం లేదు అని చెప్పేవాణ్ణి జనం నమ్మరు. ఎప్పుడు ప్రమాదమో చెప్పి, అది వస్తే నేనే చెప్తానన్న వాణ్ణి నమ్ముతారు.

తర్వాత నేను చేసిన మంచి పని ఒకటే. ఆ వి నాచ్ దగ్గరికి ఎవరైనా రావచ్చన్నాను. పై ఆఫీసులో ఒకాయన కోప్పడ్డారు, "డిపార్టుమెంటు రీడింగులు పబ్లిక్కు ఎందుకయ్యా, రేపు పెరిగితే ఏం చెప్తావ్?" అని. పెరిగితే పెరిగిందని చెప్తాను సార్ అన్నాను. పెద్దాయనకు ఒక వంద పేజీల నోటుబుక్కు ఇచ్చాను.

శాఖే పుట్టించే పుకారు

ఇప్పుడు కొంచెం ఘాటుగా మాట్లాడతాను. ఇక్కడ అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు, నన్ను కొట్టొద్దు.

2023 అక్టోబరు 21 సాయంత్రం, తెలంగాణలో గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్ల మధ్య స్తంభాలు, కుంగాయి. పెద్ద శబ్దం వచ్చింది. మొదట ఏమైంది? ఏదో పేలుడు, విద్రోహ చర్య అయ్యుండొచ్చన్న అనుమానంతో పోలీసు ఫిర్యాదు ఇచ్చారు. డ్యాం సేఫ్టీ అథారిటీ కమిటీ వచ్చి చూసి ప్లానింగు, డిజైను, క్వాలిటీ కంట్రోలు, నిర్వహణ, వీటిల్లో లోపాలని రాసింది. ఎన్నికల ముందు రోజులు కాబట్టి ఆ తర్వాత రెండు వైపులా ఎన్ని కథలు పుట్టాయో మీకు తెలుసు. మొత్తం కాళేశ్వరం ప్రాజెక్టే కొట్టుకుపోయిందన్నది ఒకటి. అసలేమీ కాలేదు, రెండు పియర్లేగా అన్నది ఇంకొకటి. నేను ఇంజనీరుగా అడుగుతున్నాను. ఆ సాయంత్రమే శాఖ బయటికొచ్చి, "పియర్లు కుంగాయి, కారణం ఇంకా తెలీదు, కింద ఇసుక కదిలిందేమోనని చూస్తున్నాం, బ్యారేజీ ఖాళీ చేస్తున్నాం, రోజూ ఈ టైముకు వచ్చి చెప్తాం" అనుంటే? ఇంత పరువు పోయేదా? "తెలీదు" అన్న మాట మా శాఖ నోట రాదండీ. ఆ మాట అంటే ఉద్యోగం పోతుందనుకుంటాం. ముప్పై మూడేళ్ళలో నేను అన్నది నాలుగుసార్లు ఉంటుందేమో.

విజయవాడలోనూ అంతే. 2024 సెప్టెంబరు. బుడమేరు వాగు గండ్లు పూడ్చిన తర్వాత కూడా "మళ్ళీ తెగింది" అన్న మాటకు జనం పరుగులు పెట్టారు. ఒకసారి చెప్పకుండా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి కదా, ఇక ఎవడు ఏమన్నా పరుగే. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు ఎదురుతూకంగా ఉండే కౌంటర్ వెయిట్లకు తగిలాయి. కుట్రా, కాదా అని నెల రోజులు వాదన. అంత పెద్ద పడవలను వరద ముందు గట్టిగా కట్టించే బాధ్యత ఎవరిది, ఏ రిజిస్టర్లో రాసుంది? ఆ చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు.

పోలవరం గురించి ఒక్క మాట. అక్కడ నమ్మకం పోయింది ఒక అంకె దగ్గర. 45.72 మీటర్లు పూర్తి మట్టం. 41.15 మొదటి దశ. ఆ 41.15 మట్టం గీత లోపల ఉన్నవాళ్ళకు ముందు పునరావాసం, బయటివాళ్ళకు తర్వాత. కాగితం మీద సరిగానే ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటితే కూనవరం, వీఆర్ పురం, చింతూరు మండలాల్లో గీత బయటి ఊళ్ళూ మునిగాయి. అది పోలవరం ప్రభావమా, మామూలు గోదావరి వరదేనా అన్నది ఇవాళ్టికీ వాదనే. కానీ ఇంట్లో నీళ్ళు చూసినవాడికి నువ్వు "నీది 41.15 బయట" అంటే వాడు నిన్ను ఏమనుకుంటాడు? మట్టం సముద్రం నుంచి కొలుస్తావు. వాడు గడప నుంచి కొలుస్తాడు. ఆ అంకెను తీసుకుపోయి బడి గోడ మీద రంగుతో గీత కొట్టు, 1986 వరద ఇక్కడిదాకా, డ్యాం నిండితే ఇక్కడిదాకా, వరద కూడా కలిస్తే ఇక్కడిదాకా అని. ఒక డబ్బా పెయింటు ఖర్చు!

నదికి అవతల గద్వాల సంగతి చెప్పి ముగించేస్తాను, సెక్రటరీ గారు గడియారం చూస్తున్నారు. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్ వీడియోలు తిరిగాయి, తెలుగు ప్రాంతాల్లోనూ మనుషుల ప్రాణాలు పోయాయి. గద్వాల జిల్లాలో అప్పుడు ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. ఆమె పరిధిలో నాలుగు వందల ఊళ్ళు, ఒక్క ప్రాణం పోలేదు. ఏం చేశారు? ఆమె అంతకు ముందే ఊరికో పోలీసును పెట్టారు. ఆ ఊరి బాగోగులు చూడటం, పలకరించడం వాళ్ళ పని. ఒక కానిస్టేబులు గమనించాడు, ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకొని లోపల పడుకుంటున్నారని. ఎందుకని అడిగితే ఫోను తీసి వీడియో చూపించారు. ఎవరో ఫిర్యాదు చేస్తే తెలిసింది కాదది. మంచాలు బయట లేకపోవడం చూసి తెలిసింది! తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కళాకారులతో పాటలు పాడించారు. కానీ ముందు పని పలకరింపే.

మాకు లస్కర్లు ఉండేవారు. కాలవకు పది మంది. ప్రతి ఊళ్ళో వాళ్ళకు అన్నం పెట్టే ఇల్లుండేది. ఏ ఊళ్ళో ఏ మాట నడుస్తోందో సాయంత్రానికి నాకు తెలిసేది. రిటైరైన లస్కర్ల పోస్టులు నింపడం మానేశాం. వాళ్ళ బదులు ట్విట్టర్ ఖాతా పెట్టాం. 2021 డ్యాం భద్రత చట్టం ప్రకారం ఆ చట్టం కిందికి వచ్చే ప్రతి పెద్ద డ్యాముకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. ఎక్కడికి పోవాలి, ఎవరికి చెప్పాలి, ఏ ఊరికి ఎన్ని గంటల్లో నీళ్ళొస్తాయి, అన్నీ అందులో ఉంటాయి. నేను చూసినవి ఇంగ్లీషులో, బీరువాలో ఉన్నాయి. ఇక్కడ ఇద్దరు ముగ్గురు సర్పంచులు కూర్చున్నారు. రేపు పోయి అడగండి మీ డీఈని, మా ఊరి పేజీ తెలుగులో ఇవ్వండి అని. ఇవ్వకపోతే మళ్ళీ పోండి. ఇక వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు చెయ్యెత్తండి. అబ్బో, చాలామందే! మీకు ఒకటే చెప్తాను. "డ్యాం తెగిందంట" అని మెసేజి రాగానే తీసెయ్యకండి, ఫార్వర్డూ చెయ్యకండి. "ఏ డ్యాం, పైదా కిందిదా, గేటా కట్టా?" అని కింద రాయండి. ఆ మూడు ప్రశ్నలకు సగం పుకార్లు అక్కడే చస్తాయి. మిగతా సగం నిజమైతే, మనకే మంచిది, తొందరగా తెలుస్తుంది.

ఆ నీరుగట్టి పెద్దాయన సంగతి మిగిలింది. నేను అక్కడి నుంచి బదిలీ అయి చాలా ఏళ్ళు గడిచాయి. ఆయన పోయిన తర్వాత కొడుకు నన్ను వెతుక్కుంటూ కర్నూలు వచ్చాడు, సంచిలో మూడు నోటుబుక్కులు పెట్టుకొని. నేనిచ్చింది ఒకటే, మిగతా రెండు ఆయనే కొనుక్కున్నాడు. రాయడం రాదాయనకు, మనవరాలితో రాయించాడు. తేదీ, ఎన్ని లెక్కలకు బిందె నిండింది, తేటనా బురదనా. పదకొండేళ్ళు. వానాకాలం లెక్కలు తగ్గుతాయి, ఎండాకాలం పెరుగుతాయి, కట్ట ఊపిరి కనబడుతుంది అందులో. ఎనిమిదికి దిగిన రోజు ఒకటుంది, దాని కింద గీత గీసి "ఆఫీసుకు పోయి చెప్పినాము" అని ఉంది. మా ఆఫీసు రిజిస్టర్లో అదే వారం ఖాళీ.

నా బదిలీ అయిన నెలలో ఒక పేజీ ఉంది. ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఇరవై ఒకటి. తేట. ఇంజినీరు సారు పొయినాడు. కొత్త సారు ఇంగా రాలేదు."

ఆ పుస్తకాలు ఇవాళ తెచ్చాను, ఇదిగో, ముందు బెంచీ మీద పెడుతున్నాను. చూసి మళ్ళీ అక్కడే పెట్టండి, కాగితాలు పెళుసుగా ఉన్నాయి.